మీటరు మెరిస్తే చాలదు, నిజం చెప్పాలి

పాత కారు కొన్నవాళ్ళు ముందు రంగు వేయిస్తారు. తర్వాత సీట్లు కుట్టిస్తారు. ఆ తర్వాత వాళ్ళ చూపు డ్యాష్‌బోర్డు మీద పడుతుంది. సరిగ్గా అక్కడే నాకూ వాళ్ళకూ గొడవ మొదలవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తిట్టుకునేవాళ్ళు ఇక్కడే తిట్టుకోవచ్చు. పాత కారు మీటర్లు బాగుచెయ్యడమంటే వాటిని కొత్తవాటిలా మెరిపించడం కాదు. అవి మళ్ళీ నిజం చెప్పేలా చెయ్యడం. ఆ పనిలో, అవి ఇన్నాళ్ళూ దాచుకున్న పాత నిజాన్ని చెరిపెయ్యకుండా ఉండడం.

ఇంతకీ ఇప్పుడీ గోల ఎందుకంటే, నంద్యాల్లో ఉండే మా అన్న (పెదనాన్న కొడుకు) ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాడు. యాభై ఏళ్ళు దాటిన బండి. ఇంజను పని అయిపోయింది, బాడీ పని అయిపోయింది, మిగిలింది డ్యాష్‌బోర్డు. "నువ్వు కంప్యూటర్ వాడివి కదరా, ఆన్‌లైన్‌లో ఒక మంచి డిజిటల్ మీటర్ చూసి పెట్టు. డయల్ మీద అక్షరాలు పాతగైనాయి, స్టిక్కర్ ఏయిద్దాం. రీడింగ్ కూడా సున్నాకి తిప్పిద్దాం. కారంతా కొత్తగా చేసినాక నంబర్ మాత్రం పాతది ఎందుకు?" అని ఫోన్ చేశాడు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో చెప్తే అన్నకి ఓపిక ఉండదు, అందుకని ఇక్కడ రాస్తున్నా.

హెరాల్డ్ గురించి రెండు మాటలు. ఇది ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు, గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ మనకోసం తయారు చేసింది. "మరి ఇది స్పోర్ట్స్ కారు కాదు కదా" అంటారేమో. కాదు, నిజమే. కానీ 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి దాని మీద కట్టింది. అంటే మన హెరాల్డ్ దానికి అన్న వరస. మొదట్లో వచ్చిన స్పిట్‌ఫైర్లలో మీటర్లన్నీ డ్యాష్‌బోర్డు మధ్యలో ఉండేవి. స్టీరింగు కుడివైపున్నా ఎడమవైపున్నా అదే పలక సరిపోవాలని. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒకటే కోడ్, రెండు దేశాలకు :)

సరే, విషయానికొద్దాం. స్పీడోమీటరు లోపల ఏముంటుందో మనలో చాలామందికి తెలీదు. మనకి తెలిసింది సెన్సరు, ఒక చిప్పు, ఒక స్క్రీను. పాతదాన్లో ఇవేవీ లేవు. గేర్‌బాక్స్ దగ్గర్నుంచి ఒక కేబుల్ తిరుగుతూ వచ్చి మీటరు వెనక ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద బోర్లించినట్టు ఒక అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అయస్కాంతం తిరిగితే గిన్నెలో ఎడ్డీ కరెంట్లు పుడతాయి (ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోండి), వాటివల్ల గిన్నె కూడా తిరగబోతుంది. కానీ వెంట్రుకంత సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ లాగుడూ ఆ లాగుడూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది. అదే మీ వేగం. ఒట్టో షుల్జ్ అనే జర్మన్ ఇంజనీరు 1902లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత సుమారు ఎనభై ఏళ్ళు ప్రపంచమంతా చాలావరకు ఇదే వాడింది. ఇంత కాలం నిలబడిన సాఫ్ట్‌వేర్ ఒక్కటి చెప్పండి చూద్దాం.

అదే కేబుల్ ఇంకో పని కూడా చేస్తుంది. పళ్ళ చక్రాల ద్వారా కిలోమీటర్ల అంకెలను తిప్పుతుంది. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, వేగం చూపించేది అయస్కాంతం, స్ప్రింగు. దూరం లెక్కపెట్టేది ఉత్త పళ్ళ లెక్క. ఒకటి తప్పుచెప్పినా రెండోది సరిగ్గానే ఉండొచ్చు. అందుకే "మీటర్ తప్పు చూపిస్తోంది" అని ఎవరైనా అంటే, ఏది తప్పు అని అడగాలి. బగ్ రిపోర్టులో "అప్లికేషన్ పనిచెయ్యట్లేదు" అని రాసేవాళ్ళతో మనం రోజూ పడే బాధే ఇది.

దీన్ని తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా రోడ్డు ఉంది. ఒకప్పుడు 18వ నంబరు, ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి. నలభై కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో సిరివెళ్ళ, తూర్పున నల్లమల. కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ వెళ్ళి, పది రాళ్ళు దాటేసరికి మీటర్లో ఎంత తిరిగిందో చూడండి. 9.6 మాత్రమే తిరిగిందంటే నూటికి నాలుగు తక్కువ. అంటే ఎవరో అసలు సైజు కంటే పెద్ద టైర్లు వేశారు, లేదా ఈ మీటరు ఈ కారుది కాదు. ఆ కాలపు స్మిత్స్ కంపెనీ డయళ్ళ మీద కింద చిన్న అంకె ఒకటి ఉంటుంది. కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే ఒక మైలో చెప్పే అంకె అది. 1000 అని ఉంటే మైలుకి వెయ్యి చుట్లు, కిలోమీటరుకి 621 అన్నమాట. దాన్ని స్టిక్కర్‌తో కప్పేస్తే, ఆ మీటరు ఏ గేర్‌బాక్సుకి సరిపోతుందో చెప్పే ఆధారం పోయినట్టే. మా అన్న వెయ్యాలనుకున్న స్టిక్కర్ సరిగ్గా అదే చోట పడుతుంది.

దూరం తేలాక వేగం. ముల్లు అరవై దగ్గర నిలకడగా పెట్టి రాయికీ రాయికీ మధ్య టైము చూడండి. 60 సెకన్లు పడితే మీటరు నిజం చెప్తోంది. 66 పడితే అసలు వేగం 54 చిల్లర, అంటే మీటరు ఎక్కువ చూపిస్తోంది, పెద్ద ప్రమాదం లేదు. 55 సెకన్లే పడితే మాత్రం మీరు 65కి పైనే పోతున్నారు, మీటరు మాత్రం అరవై అని జోకొడుతోంది. ఈ తేడా చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది చెప్పేది కూడా ఇదే. స్పీడోమీటరు అసలు వేగం కంటే కొంత ఎక్కువ చూపిస్తే ఫర్వాలేదు, తక్కువ మాత్రం చూపించకూడదు. అయస్కాంతం బలం తగ్గితే ముల్లు తక్కువే చూపిస్తుంది. బయటికి అద్దంలా మెరుస్తూ లోపల అయస్కాంతం నీరసించిన మీటరు చాలా ప్రమాదకరమైన మీటరు. దానికి కావలసింది మళ్ళీ అయస్కాంతం ఎక్కించి, స్ప్రింగు సరిచేసే మనిషి. స్టిక్కర్ కాదు.

ముల్లు వణుకుతుంటే చాలామంది చేసే పని కేబుల్ నిండా గ్రీజు కొట్టడం. అది తిరిగీ తిరిగీ పైకి పాకి మీటర్లోకి చేరుతుంది, గిన్నెకీ అయస్కాంతానికీ అంటుకుంటుంది, ఆ తర్వాత ముల్లు ఇష్టమొచ్చినచోటికి ఎగురుతుంది. కేబుల్‌కి సన్నగా గ్రీజు రాసి, మీటరు వైపు కొసన కొన్ని అంగుళాలు పొడిగా వదిలెయ్యాలి. ఇంతే. రూపాయి ఖర్చులేని ఈ జాగ్రత్త పాటించక ఎన్ని మంచి మీటర్లు చెత్తబుట్ట పాలయ్యాయో.

పెట్రోలు మీటరు కథ ఇంకా బాగుంటుంది. మా ఊళ్ళలో పాత జీపులున్నవాళ్ళు ట్యాంకులో పుల్ల పెట్టి చూసుకోవడం మామూలు. "మీటరా? అది పదేళ్ళ నుంచి సున్నాలోనే ఉందిలే అప్పా" అని నవ్వుతారు. కానీ ఆ మీటరు చాలాసార్లు చెడిపోయి ఉండదు. ట్యాంకులో తేలే బెండు, దానికి తగిలించిన రెసిస్టెన్సు తీగ, అక్కడి నుంచి వైరు, బాడీకి ఎర్తు, చివర్లో మీటరు. తుప్పు పట్టిన ఎర్తు ఒక్కటి చాలు మొత్తం తప్పు చూపించడానికి. ముందు చివర్నుంచి పరీక్షించుకుంటూ రావాలి. మీటరు విప్పడం ఆఖరి పని, మొదటి పని కాదు.

అరవైల నాటి చాలా స్మిత్స్ మీటర్లలో పెట్రోలు ముల్లుని కదిపేది వేడి. రెండు లోహాలు అతికించిన పట్టీ, దాని చుట్టూ సన్నటి తీగ. కరెంటు వెళ్తే వేడెక్కి పట్టీ వంగుతుంది, ముల్లు కదులుతుంది. అందుకే తాళం తిప్పగానే ముల్లు తాపీగా పైకి లేస్తుంది. ట్యాంకులో పెట్రోలు అటూ ఇటూ ఊగినా ముల్లు ఊగదు. మనం కోడ్ రాసి సాధించే యావరేజింగ్‌ని వాళ్ళు ఒక రేకుముక్కతో సాధించారు. దీనికి బ్యాటరీ వోల్టేజీ హెచ్చుతగ్గులు తగలకుండా సగటున పది వోల్టులు ఇచ్చే చిన్న డబ్బా ఒకటుంటుంది, స్టెబిలైజరు. పెట్రోలు, టెంపరేచర్ మీటర్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపించినా, రెండూ ఒకేసారి తక్కువ చూపించినా అనుమానం మీటర్ల మీద కాదు, ఈ డబ్బా మీద పడాలి. "పనిచేస్తోందో లేదో చూద్దాం" అని మీటరుకి నేరుగా పన్నెండు వోల్టులు తగిలించేవాళ్ళున్నారు. కాసేపట్లో లోపలి తీగ మాడిపోతుంది. అప్పటిదాకా బాగానే ఉన్న మీటరు, ఆ పరీక్షతో చచ్చిపోతుంది.

ఇక్కడ నేను ఛాందసుణ్ణి కాదని చెప్పుకోవాలి. ఆ స్టెబిలైజరు డబ్బాలో పాత యంత్రం తీసేసి 7810 అనే మూడుకాళ్ళ ఐసీ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. డబ్బా పాతదే ఉంటుంది, మీటరు పాతదే ఉంటుంది, రేపెవరైనా కావాలంటే మళ్ళీ వెనక్కి మార్చుకోవచ్చు. అలాగే రోజూ ఎండలో తిప్పే బండికి, ఇంజను వేడెక్కితే కూసే చిన్న అలారం ఒకటి డ్యాష్‌బోర్డు కింద కనపడకుండా పెట్టుకోవడం తెలివైన పని. పాత జీపుల్లో ఆమ్మీటరు ఉంటుంది, కారు కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోతుంది. వెనక నట్టు వదులైతే అక్కడే వేడెక్కి మంటలు రేగొచ్చు. అక్కడ పాతదనం అని పట్టుకు కూర్చోవడం మూర్ఖత్వం. వైర్లు కొత్తవి వెయ్యాల్సిందే. నా గీత ఎక్కడంటే, వెనక్కి తిప్పుకోగలిగిన మార్పుకి సరే, తిప్పుకోలేనిదానికి పదిసార్లు ఆలోచించు.

డయల్ తుడవడం ఆ తిప్పుకోలేని పనుల్లో మొదటిది. ఆ తెల్ల అక్షరాలు పల్చటి ముద్ర అంతే. థిన్నరు గుడ్డతో ఒక్కసారి రుద్దితే అక్షరాలన్నీ గుడ్డలోకి వచ్చేస్తాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, అద్దం శుభ్రం చేసి, చుట్టూ ఉన్న నికెలు రింగుకి మెరుగు పెట్టి, ఎండిపోయిన రబ్బరు వాషరు మారిస్తే సగం అందం తిరిగొస్తుంది. ఆ రింగుని స్క్రూడ్రైవరుతో పెకలించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చాలావాటిలో అది కాస్త తిప్పితే గాడిలోంచి దానంతటదే ఊడొస్తుంది.

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. మనవైపు రేడియం అంటే నంబరు ప్లేటు మీద మెరిసే స్టిక్కర్. దాన్లో రేడియం ఏమీ ఉండదు, పేరు మాత్రం మిగిలింది. కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ జీపుల మీటర్లలో, అప్పటి విమానాల మీటర్లలో చీకట్లో మెరిసే అంకెలకి నిజంగా రేడియం వాడారు. ఇప్పుడవి మెరవవు, కాబట్టి అయిపోయిందనుకుంటాం. అయిపోయింది వెలుగిచ్చే పొడి మాత్రమే. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అలాంటి డయల్ని గీకి, ఊది, ఆ పొడి పీల్చకండి. అద్దం తియ్యకుండా అలాగే ఉంచండి.

ఇక కిలోమీటర్ల అంకె. అన్నతో నా అసలు గొడవ దీనిమీదే.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు ఇచ్చాడు, కారు చేతికొచ్చేలోపే 1911లో చనిపోయాడు. ఆ కారు గురించి అందరూ చెప్పుకునే విశేషం పసుపు రంగు ఒక్కటే కాదు. అది తిరిగింది 356 మైళ్ళేనట. అంటే సుమారు 573 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి నంద్యాలకి ఒకసారి వచ్చిపోయేంత దూరం! ఆ ఒక్క అంకెలో ఆ కారు జీవితమంతా ఉంది. ఊరేగింపులకి తప్ప బయటికి రాని బతుకు. రిస్టోర్ చేశాం కదా అని దాన్ని సున్నాకి తిప్పితే ఏం మిగిలేది?

మా అన్న కారు నిజాముది కాదు. ఎవరో డాక్టరో, పొగాకు వ్యాపారో, కాలేజీ లెక్చరరో దాన్ని నడిపి ఉంటారు. వాళ్ళ పేర్లు కాయితాల్లో కూడా సరిగ్గా లేవు. వాళ్ళు మిగిల్చింది ఆ ఐదంకెలే. పైగా అది అయిదు చక్రాల మీటరు, 99,999 తర్వాత మళ్ళీ సున్నా. ఒకసారి తిరిగిందో రెండుసార్లు తిరిగిందో ఎవరికీ తెలీదు. ఆ మేరకు అది పూర్తి నిజం కాదు, ఒప్పుకుంటా. కానీ సగం తెలిసిన నిజాన్ని చెరిపేసి అబద్ధం పెట్టడం బాగుచెయ్యడం ఎట్లా అవుతుంది? సెకండ్ హ్యాండ్ కార్ల బేరంలో రీడింగ్ వెనక్కి తిప్పినవాణ్ణి మనం మోసగాడంటాం. మన కారుకి మనం తిప్పుకుంటే ముద్దుగా రిస్టోరేషన్ అంటాం. తిప్పిన చెయ్యి ఎవరిదైనా తర్వాత కొనేవాడికి జరిగేది ఒకటే. మీటరు తప్పక మార్చాల్సి వస్తే, ఫలానా తేదీన, ఫలానా అంకె దగ్గర మార్చామని ఒక కాగితం రాసి బండి కాయితాల్లో పెట్టండి. మనం కోడ్ మార్చినప్పుడు కమిట్ మెసేజ్ రాయమా?

మా అన్న తెలివైనవాడు, ఊరికే ఒప్పుకోడు. "ఆళ్ళగడ్డలో చూడు, గుళ్ళో విగ్రహం విరిగితే కొత్తది చెక్కించి పెడతారు. దేవుణ్ణే మారుస్తారు, మీటర్ మార్చకూడదా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల పని చూసినవాళ్ళకి ఇది వెంటనే నచ్చే వాదన కూడా. నా జవాబు ఇది. భిన్నమైన విగ్రహం పూజకి పనికిరాదన్నది శాస్త్రం, కాబట్టి కొత్తది చేయిస్తారు. కానీ కొత్తదాన్ని కొత్తదనే చెప్తారు, ప్రతిష్ఠ మళ్ళీ చేస్తారు. ఊరందరికీ తెలుస్తుంది. నిన్న చెక్కినదాన్ని వెయ్యేళ్ళనాటిది అని ఏ శిల్పీ చెప్పడు. పైగా ఆ శిల్పి ఉలి వేసేముందు ఎంత ఆలోచిస్తాడో చూడండి. రాయి ఒకసారి ఎగిరిపోతే మళ్ళీ అతకదు. డయల్ మీద పెయింటు కూడా అంతే. ఆళ్ళగడ్డ నుంచి మనం నేర్చుకోవాల్సింది మార్చెయ్యడం కాదు, చెయ్యి వేసేముందు ఆగడం.

పాతదనానికి ఇప్పుడు ప్రభుత్వం కూడా విలువ కట్టింది లెండి. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకి వేరే రిజిస్ట్రేషను తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉంచిన బండ్లకి నంబరులో వీఏ అనే అక్షరాలు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి వర్తిస్తుంది. కాకపోతే ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి లేదు. అసలు రూపం అన్న మాటని గమనించండి. డ్యాష్‌బోర్డులో నీలం రంగు అంకెలు వెలిగే చైనా డబ్బా పెట్టి అసలు రూపం అంటే ఎవరు నమ్ముతారు?

ఇదంతా కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ గొడవ, మాకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. మనం రోజంతా డ్యాష్‌బోర్డుల ముందే కూర్చుంటాం. గ్రఫానాలో గ్రాఫులు, మేనేజరు స్లైడులో పచ్చ చుక్కలు. ఒక్కసారైనా కిలోమీటరు రాయి పక్కన నిలబెట్టి వాటిని పరీక్షించామా? చుక్క పచ్చగా ఉంది కాబట్టి సర్వరు బాగుంది అనుకుంటాం. ఆ చుక్కకి సమాచారం పంపే స్క్రిప్టు ఎప్పుడో చచ్చిపోయినా ఆఖరిసారి వచ్చిన పచ్చరంగే కనిపిస్తూ ఉండొచ్చు. అందం తక్కువైనా నిజం చెప్పే ముల్లు ఒకటుంటే చాలు, రాత్రి రెండింటికి ఫోన్ వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

చివరిగా డబ్బు సంగతి. చిన్న ఊళ్ళలో పాత మీటరు విప్పి, స్ప్రింగు సరిచేసి, మళ్ళీ బిగించగలిగిన చేతులు తగ్గిపోతున్నాయి. కొత్త కార్లలో మీటరు పోతే మొత్తం మార్చడమే, వాళ్ళకి పని ఎక్కడుంది? ఉన్న పనికి కూడా మనం "ముల్లు తిప్పినదానికి ఇంతనా?" అని బేరమాడతాం. అదే మనం ఆన్‌లైన్లో డిజిటల్ డబ్బాకి వేలు పోస్తాం, మారుమాట్లాడకుండా. అన్నకి నేను ఫైనల్‌గా చెప్పిందేంటంటే, ఆ డిజిటల్ మీటరుకి పెట్టాలనుకున్న డబ్బు తీసుకెళ్ళి మీటర్ పని తెలిసినవాడి చేతిలో పెట్టు, తొందరపెట్టకు, విప్పేముందు ప్రతిదీ ఫోటో తియ్యి, ఆ ఐదంకెలు మాత్రం ముట్టుకోనివ్వకు.

"ఆలోచిస్తాలే" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. మీ ఇళ్ళలో కూడా తాతల కాలం నాటి అంబాసిడరో, పద్మినీయో, బుల్లెట్టో షెడ్డులో ఉండే ఉంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు దాని డ్యాష్‌బోర్డు మీద దుమ్ము తుడిచి, అంకె ఎంతుందో ఒక్కసారి చదవండి. అది ఎవరెవరు, ఎక్కడెక్కడికి తిరిగిన దూరమో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. సున్నాకి తిప్పాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిద్దాం.